వేషము విప్పినతరువాత

హైదరాబాదులో నాంపల్లి స్టేషను మొదలుకొని అబిడ్సు కూడలివరకు గల దారి కాలినడకన పట్టుమని పావుగంట ప్రయాణమే యైనను, తెలుగునాట నటనను నమ్ముకొన్నవారి బ్రతుకు లెన్నివిధముల తెల్లవారునో చూడగోరువారికి ఇంతకు మించిన బాట మరియొకటి దొరకదు. 1907 లో వెలసిన ఈ స్టేషనుతో రైలుదారి ముగియును. విశాఖపట్టణమునుండి వచ్చు గోదావరి ఎక్స్‌ప్రెస్సునకును, మద్రాసునుండి వచ్చు చార్మినార్ ఎక్స్‌ప్రెస్సునకును ఏండ్ల తరబడి ఇదియే గమ్యస్థానము. అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసి, 1976 లో అన్నపూర్ణ స్టూడియో తలుపులు తెరచి, చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి మెల్లమెల్లగా ఇటు మరలినది మొదలు, చేతిసంచిలో రెండు జతల బట్టలు, ఫొటోల ఆల్బము, ఎవరో దూరపు బంధువు వ్రాసియిచ్చిన చిరునామా పెట్టుకొని ఈ స్టేషనులో దిగిన యువకు లెందరో లెక్క వ్రాసినవారు లేరు. ఆ ఆల్బము స్థానమున నేడు చేతిఫోనులోని రీల్సు వచ్చినవి. చిరునామా స్థానమున ఆడిషను లింకు వచ్చినది. ‘ఒక్క ఛాన్సు’ అను మాట మాత్రము మారలేదు.

వచ్చినవాడు తుదకు చేరునది కృష్ణానగరు. ఆ పేట పేరు తెలుగువారి నోట ‘కృష్ణానగరు కష్టాలు’ అను జంటపదముగా స్థిరపడిపోయినదన్నచో, అచ్చటి జీవన మెట్టిదో వేరుగ వర్ణింప నక్కరలేదు. ఒక గదిలో అయిదారుగురు. తెల్లవారుజామున వ్యాను వచ్చునేమోయని ఎదురుచూపు. వచ్చెనా, నాటిదినము పెండ్లిపందిరిలో ఒక అతిథియో, ఊరేగింపులో ఒక కార్యకర్తయో, మొత్తముమీద గుంపులో గోవిందయ్య. డైలాగున్న వేషము దొరకుటకు కొందరికి నెలలు, కొందరికి ఏండ్లు, పెక్కురకు జీవితకాలము చాలదు. అయినను ఆకలి వీరి కష్టములలో అన్నిటికంటె పెద్దది కాదని నాకు తోచును. ఆకలియైనచో ఇంటికి పోవచ్చును; వీడు ఇంటికి పోలేడు. రైలెక్కిన నాటినుండి ఊరిలో వానికి ‘హీరో’ యని పేరు పడినది, పండుగకు పోయిన చాలు, “ఏరా హీరో, మీ సినిమా ఎప్పుడురా?” యని రచ్చబండ మీదివారు పలుకరింతురు. ఆ పలుకరింపులో వేళాకోళ మెంతయో, నిజమైన ఆశ యెంతయో ఆ పలుకరించువారికే తెలియదు. కావున వాడు కాని హీరోగా నగరమందే దాగియుండును. ఇంకను రాని కీర్తి తన నీడను ముందుగా పంపి మనుష్యుని సొంతపేరును మ్రింగివేయుట ఈ వృత్తిలో తప్ప వేరొకచోట అరుదు.

నటుని పని పరకాయప్రవేశమని మనవారు గౌరవముగా అందురు. ఆ కథలలో పరకాయమున ప్రవేశించినవానికి తన శరీరమును జాగ్రత్తగా కాపాడి యుంచు శిష్యుడొకడు ఉండవలెను. లేనిచో తిరిగివచ్చుటకు చోటుండదు. నటుని సొంతశరీరమును, అనగా వాని పేరును, కుటుంబమును, వేషము లేనినాటి తిండిని కాపాడువా రెవరు? ఈ ప్రశ్నకు నాంపల్లి పరిసరములలోనే రెండు మూడు తెరంగుల సమాధానము లున్నవి.

స్టేషనుకు ఉత్తరముగా కొంచెము నడచినచో పబ్లిక్ గార్డెన్సు. అందలి లలితకళాతోరణమున సురభివారు ఏండ్ల తరబడి నాటకములాడిరి. కడపజిల్లాలోని సురభి గ్రామమున 1885 లో వనారస గోవిందరావుగారు కీచకవధ ప్రదర్శించుటతో మొదలైన ఈ నాటక సంప్రదాయము, ఒక కుటుంబము కొమ్మలు వేసి అనేక సమాజములుగా విస్తరించి, ఊరూర డేరాలు పాతి, సినిమా వచ్చిన తరువాత ఒక్కొక్కటిగా ముడుచుకొని, నేడు వ్రేళ్ల మీద లెక్కింపదగిన సమాజములుగా మిగిలినది. వీరి పూర్వులు తోలుబొమ్మలాడించినవారు. బొమ్మ వెనుక నుండి మాటలాడుట మాని తామే తెరముందుకు వచ్చినారు. పురుషులే స్త్రీవేషములు కట్టుచుండిన కాలమున తమ ఇంటి ఆడపడుచులను రంగస్థల మెక్కించిన ఘనత వీరిది.

మాయాబజారు నాటకమున ఘటోత్కచుడు వివాహభోజనమునకు కూర్చుండగా పళ్లెములోని లడ్డూలు తమంతట తాము లేచి వాని నోట పడును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు, పెద్దలు దారమెక్కడ నున్నదో కనిపెట్టవలెనని కళ్లు చిట్లింతురు. ఆ దారము కొనను పట్టుకొని సైడువింగులో నిలుచున్నవాడు పనివాడు కాడు. మరుసటి రంగమున రావలసిన పాత్రధారియే, ముఖమునకు అర్దళము పూసికొని, కిరీటము మాత్రము తరువాత పెట్టుకొందమని ప్రక్కన నుంచినాడు. ఇందాక టికెట్లు చింపి యిచ్చిన ఇల్లాలు నడుమ రంగములో రేవతీదేవియై వచ్చును. ఆమె చంటిబిడ్డను హార్మోనియము ముందు కూర్చున్న మామగారు ఒడిలో పెట్టుకొనును. నేడు బాలకృష్ణుడైనవాడు పెద్దవాడై కృష్ణుడగును, నడివయస్సున బలరాముడగును, కడపట తెర లాగును. కృష్ణవేష మెవనికిని సొంతము కాదు, అది సమాజముది. వేషము చేతులు మారుచుండును, మనిషి మనిషిగా నుండును.

ఇందు కొంత దారిద్ర్యముయొక్క ఏర్పాటున్నదని నేనెరుగకపోలేదు. కూలికి మనిషిని పెట్టుకొను శక్తి లేక ఇంటివారే అన్ని పనులు చేయుదురు. పిల్లల చదువులు డేరాతోపాటు ఊర్లు తిరిగినవి. కొత్తతరమువారు వేరుద్యోగములు వెదకికొనుచున్నారు, వెదకికొనుటయు న్యాయమే. అయినను ఆ యేర్పాటులో ఒక బుద్ధిమంతత యున్నది. 1990 లలో బి.వి.కారంత్ వీరి నడుమ కూర్చుండి బ్రెహ్ట్ నాటకమును ‘బస్తీ దేవత యాదమ్మ’గా తీర్చిదిద్దినపుడును, శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి సారథి రేకందార్ నాగేశ్వరరావుగారికి, అనగా తెలుగువారి సురభి బాబ్జీకి, 2013 లో పద్మశ్రీ వచ్చినపుడును సమాజమున నెవరును దారము లాగుట మానలేదు. ఆయన 2022 లో గతించిన తరువాతను నాటకము నిలువలేదు.

ఈ ఇంటి ఆడపడుచే మన తొలి సినిమానాయిక. సురభి కమలాబాయి తల్లి రంగస్థలముమీద నటించుచుండగా నొప్పులు వచ్చి అచ్చటనే ఆమెను ప్రసవించెనని, అదియు నాటకములోని భాగమేయని భ్రమించి ప్రేక్షకులు హర్షధ్వానములు చేసిరని తెలుగువారు చెప్పుకొను కథ. కథ నిజమెంతయో గాని, దానిని మనము ముచ్చటగా చెప్పుకొనుటయందే ఒక క్రౌర్యము దాగియున్నది: ఎదుట నున్న స్త్రీ నొప్పులుపడుచుండగా చూచువారికి అది వినోదముగా కనబడినది. 1932 లో విడుదలయైన ‘భక్త ప్రహ్లాద’లో కమలాబాయి లీలావతిగా నటించి, తెలుగు టాకీకి తొలి కథానాయిక యైనది. రంగస్థలముమీద స్త్రీపాత్రలతోబాటు మగవేషములును కట్టియుండిన ఆమెకు ఏ వేషమును అంటుకొని పోలేదు.

సినిమా వచ్చి ఈ లెక్కను తలక్రిందులు చేసినది. వేషము ఒక ముఖమునకు శాశ్వతముగా అతుకుకొనినది. తెరమీద నాలుగు గజముల ముఖమును చూచిన ప్రేక్షకుడు ఆ ముఖము వేరొక పని చేయుట సహింపడు, ముదియుటయు సహింపడు. చిత్తూరు నాగయ్యగారు పోతనగా, త్యాగయ్యగా, వేమనగా కనబడినది మొదలు లోకము ఆయనను భక్తునిగనే చూచినది. ఆయనయు అడిగినవారికి లేదనక భక్తునివలెనే దానములు చేసి, 1973 డిసెంబరులో కన్నుమూయునాటికి చేతులు ఖాళీ చేసికొనినాడు. మహానటి సావిత్రి పందొమ్మిది నెలలు స్పృహలేక మంచముననుండి 1981 డిసెంబరు 26 న మరణించినది. ఆమె కథను చలనచిత్రముగా తీసినపుడు మనము కన్నీరు కార్చితిమి గాని, ఆ పందొమ్మిది నెలలలో ఎందరు పోయి చూచిరని అడిగినవారు తక్కువ.

నా మనస్సున ఎక్కువగా నిలిచిన కథ కాంతారావుగారిది. కోదాడ ప్రాంతమున గుడిబండలో 1923 లో జన్మించిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు మద్రాసుపోయి, జానపదవీరుడై, ‘కత్తి కాంతారావు’ అను పేరు సంపాదించుకొనినాడు. విఠలాచార్యగారి మంత్రాలమర్రి చిత్రములలో రాక్షసుని తల నరికిన ఆ కత్తి అట్టకత్తియని తెలిసియు తెలుగు పిల్లలు నమ్మినారు. ‘లవకుశ’లో లక్ష్మణుడు, పెక్కు చిత్రములలో నారదుడు. ఆపై తానే నిర్మాతయై ‘సప్తస్వరాలు’ మొదలగు చిత్రములు తీసి, తాతలనాటి భూములు హారతికర్పూరముచేసి, జానపదచిత్రముల కాలము చెల్లిపోగా హైదరాబాదు చేరి నల్లకుంటలో సామాన్యముగా కాలము గడపుచు, చిన్నచిన్న వేషములును టీవీ ధారావాహికలును కాదనక నటించి, 2009 మార్చి 22 న దివంగతుడైనాడు. ఆయన కత్తి తిప్పిన చిత్రములు ఆడినపుడెల్ల అబిడ్సు నాంపల్లి సినిమాహాళ్లముందు బారులు తీర్చినవారే, అదే మనిషి నగరములో నడచిపోవుచుండగా పోల్చుకొనియుండరు. పోల్చుకొనకపోవుట తప్పు కాదు. వారు చూచినది కత్తిని గదా!

అబిడ్సు వైపు పోవుదారిలో గోల్డెన్ త్రెషోల్డ్ అను పాతభవనమున్నది. సరోజినీనాయుడుగారి పుట్టినింటివారి బంగళా. ఆమె తొలి కవితాసంపుటి పేరే దానికి నిలిచినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారి రంగస్థల విద్యాశాఖ చాలకాలము ఇందే నడచినది. ఆమె తమ్ముడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ కవి, నాటకకర్త, 1952 లో విజయవాడ ఎన్నుకొన్న లోకసభ సభ్యుడు. తుదకు దేశమంతటికిని గుర్తున్నది మాత్రము ‘బావర్చి’ హిందీ చిత్రములోని ముసలితాత ముఖము. ఈ దాపుననే నిజాము కళాశాలలో చదివి 1929 లో బొంబాయి పోయిన కరీంనగరువాడు పైడి జైరాజ్, మూకీచిత్రములనుండి మొదలిడి హిందీ తెర నేలి, 1980 లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార మందుకొనినాడు. తెలుగుచిత్రములలో కానరానందున స్వస్థలమువారికి ఆయన పేరు పురస్కారము తరువాత గాని చెవిబడలేదు.

అంటుకొన్న వేషమును బరువుగా గాక బలముగా మార్చుకొన్నవా డొక్కడే. ఆయన నివాసము ఈ అబిడ్సులోనే యుండెను. 1957 ‘మాయాబజార్’లోని కృష్ణుడు మొదలు ఎన్.టి.రామారావుగారి ముఖము తెలుగువారి పూజాపటములలోనికి ఎక్కినది. తిరుపతిలో దేవుని చూచి వచ్చు యాత్రికుల బస్సులు మద్రాసులో ఆయన ఇంటిముందు ఆగెడివి. ఆయన 1982 మార్చి 29 న పార్టీ పెట్టి, 1983 జనవరి 9 న అబిడ్సుకు కూతవేటు దూరముననున్న లాల్ బహదూర్ స్టేడియములో ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసెను. చిన్నతనమున పోయిన పెద్దకొడుకు రామకృష్ణ పేర ఆయన కుటుంబమువారి సినిమాహాలును ఈ పేటలోనే నిలిచినది. ముఖ్యమంత్రి యైన తరువాతను వేషము విడువలేదు: కాషాయము, తలపాగా, గంభీరసంభాషణము. 1995 ఆగస్టులో సొంతమనుష్యులే అధికారమునుండి దించినపుడు, ఆయన పలికిన ఆక్రోశమును టీవీలో విన్నవారిలో కొందరు అదియు ఏదో చిత్రములోని రంగమువలె నున్నదని అనుకొనిరి. మరుసటి జనవరి 18 న ఆయన మరణించెను. అంతటి వానికే నిజమైన దుఃఖమును నిజమైనదిగా నమ్మించుట దుర్లభమైనపుడు తక్కినవారి మాట చెప్పనేల?

తక్కినవారిలో కొందరికి కీర్తి మొదటి అడుగులోనే వచ్చి మూడవ అడుగులో వెడలిపోవును. 2000 లో ‘చిత్రం’తో వచ్చి, మరుసటియేటనే ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ చిత్రములతో ఇంటింటి కుర్రవాడైన ఉదయ్‌కిరణ్, ముప్పదిమూడేండ్ల ప్రాయమున 2014 జనవరి 5 న ఈ నగరమందే అకాలముగా గతించెను. కారణము లూహించుట మనకు తగదు. ఊహించి వ్రాసినవారే ఆనా డెక్కువ. ఇట్టి నిస్పృహ తమనో తమవారినో చుట్టుముట్టినపుడు 14416 అను టెలి మానస్ నంబరునకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చునని మాత్రము ఇచ్చట చెప్పుట యుక్తము.

ఇక కీర్తి నిండుకుండయై యున్నవారి సంగతి. వారిని నాంపల్లి వేరొక విధముగా చూచినది. 2017 జూలైలో మాదకద్రవ్యముల విచారణ నెపమున చిత్రపరిశ్రమకు చెందిన పండ్రెండుమందిని ఒక్కొక్కరినిగా నాంపల్లి ఆబ్కారీ భవనమునకు పిలిపించి గంటలకొలది ప్రశ్నించిరి. కార్లు లోపలికి పోవుట, బయటికి వచ్చుట, వారు నీరు త్రాగుట మొదలుకొని టీవీలు పొద్దస్తమానము చూపినవి. సీరియలు చూచినట్లే జనులు చూచిరి. ఏండ్లు గడచినపిమ్మట ఆ కేసులలో పెక్కింటిని సాక్ష్యము చాలదని ఈ నాంపల్లి న్యాయస్థానమే కొట్టివేసినపుడు ఆ వార్త పత్రికలలో ఎంతమేర నచ్చయినదో పాఠకులు జ్ఞాపకము చేసికొందురు గాక. నిందకు పగలంతయు చాలలేదు. నిర్దోషిత్వమునకు ఒక్క నిమిషము మిగిలినది.

2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్సులోని సంధ్య థియేటరులో ‘పుష్ప-2’ ప్రీమియరు. కథానాయకుడు అల్లు అర్జున్ అచ్చటికి రాగా జనము త్రొక్కిడిలో ఒక ఇల్లాలు ప్రాణములు విడిచినది, ఆమె బిడ్డ కొనయూపిరితో ఆసుపత్రి చేరినాడు. డిసెంబరు 13 న పోలీసులు నటుని అరెస్టుచేసి నాంపల్లి కోర్టున నిలిపిరి. కోర్టు పదునాలుగు దినముల రిమాండు విధించెను. ఆ సాయంకాలమే హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చినను, ఆ రాత్రి చంచల్‌గూడ జైలులోనే గడచి మరునాటి యుదయమున విడుదల యైనది. జనవరి 3 న నాంపల్లి కోర్టే రెగ్యులర్ బెయి లిచ్చెను. దోషనిర్ణయము న్యాయస్థానముది, మన పని కాదు. కాని నాటి కథలో నాకు మిక్కిలి కష్టము కలిగించినది వేరొకటి. జైలుముంగిటను, ఆయన ఇంటిముందును పరామర్శకై వచ్చిన కార్లను కెమెరాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా, ఆ ఇల్లాలి వాకిట నెవరు నిలిచిరో చూపలేదు. ఆమె ఆ రాత్రి సినిమాకు పోయినది కుటుంబముతో రెండుమూడు గంటలు సంతోషముగా గడపుటకు. జనసమూహమునకు తెరమీది ముఖము తప్ప ప్రక్కన నిలుచున్న మనిషి కానరాకపోవుటే ఆ త్రొక్కిడి. నటుని మానిసిగా చూడనేరని కన్నులకు ప్రక్కమనిషియు మానిసి కాడు.

నాంపల్లి స్టేషనులో నేడో రేపో దిగబోవు కుర్రవానికి మనము చెప్పదగిన దేమి? ఇంటికి పొమ్మనుట సులభము, చెప్పి ప్రయోజనము లేదు. నటించవలెనను కోరిక ఆకలివంటిదే. నే నడుగునది, వాడు వేషము విప్పినతరువాత నిలువ చోటున్నదా యని. సురభివారి కది కుటుంబము. సినిమానటులలో సభ్యత్వమున్న వృద్ధులకు ‘మా’ సంఘము నెలకింత పింఛను నిచ్చుచున్నది, మంచిదే. గుంపులోని జూనియర్ ఆర్టిస్టుకు యూనియను కార్డు దొరకుటయే గగనము. కొత్తవారివద్ద వేషమిప్పింతుమని డబ్బు గుంజు బ్రోకర్లకు మాత్రము కొదువలేదు. ముందు రొక్క మడిగినవాడు సినిమా తీయువాడు కాడని ప్రతి తల్లిదండ్రులును తెలిసికొనవలెను.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోనే 1985 లో తెలుగు విశ్వవిద్యాలయము వెలసినది. నేడది సురవరం ప్రతాపరెడ్డిగారి పేర నడచుచున్నది. రంగస్థలకళలలో పట్టములిచ్చు ఆ విశ్వవిద్యాలయమునుండియు, హైదరాబాదు విశ్వవిద్యాలయమునుండియు ఏటేట యువకులు బయటికి వచ్చుచునే యున్నారు. వారిలో పెక్కుమంది రెండేండ్లు నాటకములాడి, మూడవయేట కృష్ణానగరు గది వెదకికొందురు, వేరుదారి లేక. మన సర్కారుబడులలో కొన్నిట డ్రాయింగు మాష్టారున్నాడు, సంగీతము పంతులమ్మ యున్నది, వ్యాయామోపాధ్యాయు డున్నాడు. నాటకము నేర్పు ఉపాధ్యాయుని పోస్టు మాత్రము లేదు. జిల్లాకు పదింటిని మంజూరు చేసినను, పట్టమున్న నటునికి నెలజీతమును, ఊరిలో తలయెత్తుకొని ‘మాష్టారు’ అనిపించుకొను పేరును దక్కును. వేషము వచ్చినచో వేసవి సెలవులలో వేయవచ్చును. రెండు తెలుగు రాష్ట్రముల విద్యామంత్రులును ఈ సంగతి ఆలోచింపవలెనని కోరుచున్నాను.